నల్లజాతి వ్యాపారాలు నిలబడాలంటే మనం కొంటే చాలా? పెట్టుబడి, టోకు సరుకు, కాంట్రాక్టుల సంగతేంటి?

పాలపిట్ట (అట్లాంటా)

ఇక్కడ చాలామంది అమెరికాలో ఉంటున్నవాళ్ళే కాబట్టి అడుగుతున్నాను. 2025 జనవరిలో టార్గెట్ అనే పెద్ద దుకాణాల కంపెనీ తన వైవిధ్య కార్యక్రమాలను (నల్లజాతి లాంటి వెనకబడిన వర్గాలకి అవకాశాలిచ్చేవి) వెనక్కి తీసుకుంది. ఆ దుకాణాల్లో కొనొద్దని మా అట్లాంటా పాస్టర్ జమాల్ బ్రయంట్ పిలుపు ఇచ్చారు. 2021లో ఇదే కంపెనీ, 2025 చివరికల్లా నల్లజాతి యజమానుల సంస్థలతో 200 కోట్ల డాలర్ల వ్యాపారం చేస్తామని ప్రకటించింది. 2020లో పోలీసు చేతిలో నల్లజాతి వ్యక్తి జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగిన తర్వాత చాలా పెద్ద కంపెనీలు ఇలాంటి మాటలే ఇచ్చాయి. ఇప్పుడు ఒక్కొక్కటీ జారుకుంటున్నాయి.

అమెరికా జనాభాలో నల్లజాతి వాళ్ళు దాదాపు 14 శాతం. జీతానికి మనుషుల్ని పెట్టుకుని నడిపే వ్యాపారాల్లో వాళ్ళవి 2022లో సుమారు 1,95,000. మొత్తంలో మూడు శాతం పైచిలుకు, అంతే. ఇంత తేడా ఎందుకు వచ్చింది? మనలాంటి వాళ్ళం ఏం చేస్తే నిజంగా ఉపయోగం? ఏడాదికి ఒకసారి వాళ్ళ రెస్టారెంటుకి వెళ్ళి రావడం కంటే గట్టి పని ఏమైనా ఉంటే తెలుసుకోవాలని ఉంది.

మనకెందుకు అని ఎవరైనా అడిగితే నా జవాబు ఒకటే. 1964లో పౌరహక్కుల చట్టం, ఆ మరుసటి ఏడాది మనలాంటివాళ్ళకి తలుపు తెరిచిన వలస చట్టం. నల్లజాతి వాళ్ళ ఆ పౌరహక్కుల ఉద్యమం లేకపోతే మన వీసాలూ లేవు, ఈ ఇళ్ళూ లేవు.


ఓరుగల్లు_చిన్నోడు (డాలస్)

అక్కా, మీ ఉద్దేశం మంచిదే. కానీ ఒకమాట నేరుగా అడుగుతా. గుజరాత్ నుంచి వచ్చిన పటేళ్ళు మోటళ్ళు పెట్టుకున్నారు, కొరియన్లు దుకాణాలు పెట్టుకున్నారు. ఎవరూ వచ్చి చెయ్యి పట్టుకుని నడిపించలేదు. వందేళ్ళకు పైగా ఇక్కడే ఉన్నవాళ్ళకి ఎందుకు కుదరలేదు? డబ్బు దాచుకోవడం, ఒకరికొకరు సాయపడటం అనే అలవాటు ముందు ఉండాలి కదా. ఎవరినీ కించపరచాలని కాదు, నాకు అర్థంకాక అడుగుతున్నా.


రేవతి_డర్హమ్

చిన్నోడు గారూ, మీరడిగిన రెండు అలవాట్లూ వాళ్ళకి మొదటినుంచీ ఉన్నాయి. దాచుకున్నది ఏమైందో చూడండి.

బానిసత్వం రద్దయిన 1865లోనే ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు పెట్టారు. కూలి డబ్బులు, సైన్యంలో పనిచేసిన జీతాలు తెచ్చి అందులో దాచుకున్నారు. 1870లో చట్టం మార్చి ఆ డబ్బును రిస్కుతో కూడిన అప్పులుగా ఇచ్చే వీలు కల్పించారు. ధర్మకర్తలు తమకు కావలసిన కంపెనీలకి పంచిపెట్టారు. 1873 ఆర్థిక సంక్షోభంలో ఆ అప్పులు మునిగాయి. ఆఖర్లో పేరున్న నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ని అధ్యక్షుడిగా తెచ్చినా అప్పటికే లోపలంతా డొల్ల. 1874లో మూతపడేనాటికి 61,000 మంది ఖాతాదారులకి దాదాపు 30 లక్షల డాలర్లు పోయాయి. పైసా పైసా కూడబెట్టినవాళ్ళ మొదటి తరం పెట్టుబడి అది.

అయినా ఆగలేదు. నేను ఉండే డర్హమ్‌లో జాన్ మెరిక్ అనే ఆయన బానిసగా పుట్టి, మంగలి షాపు పెట్టి ఎదిగారు. 1898లో డాక్టర్ ఆరన్ మూర్ లాంటి వాళ్ళతో కలిసి నార్త్ కరోలినా మ్యూచువల్ అనే జీవితబీమా కంపెనీ పెట్టారు. చార్లెస్ స్పాల్డింగ్ దాన్ని పెద్దది చేశారు. 1907లో మెకానిక్స్ అండ్ ఫార్మర్స్ బ్యాంకుకి అనుమతి వచ్చింది, అది ఇప్పటికీ నడుస్తోంది. డౌన్‌టౌన్‌లో పారిష్ స్ట్రీట్, పక్కనే హేటీ పేట. దర్జీలు, మందుల షాపులు, హోటళ్ళు, సినిమా హాళ్ళు, అన్నీ వాళ్ళవే. తర్వాత పునరాభివృద్ధి పేరుతో హేటీ మధ్యలోంచి ఫ్రీవే వేశారు. వందలాది వ్యాపారాలు నేలమట్టమయ్యాయి. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళేది ఆ ఫ్రీవే మీదే.

ఓక్లహోమాలోని తుల్సా గురించి వినే ఉంటారు. అక్కడి నల్లజాతి పేట గ్రీన్‌వుడ్‌ని 1921 మే 31న, జూన్ 1న తెల్లజాతి మూకలు తగలబెట్టాయి. దాదాపు 35 బ్లాకులు బూడిదయ్యాయి. ఎంతమంది చనిపోయారో ఇప్పటికీ లెక్క తేలలేదు, వందనుంచి మూడు వందల దాకా అంటారు. అల్లర్లలో జరిగిన నష్టానికి బాధ్యత లేదన్న నిబంధన చూపించి ఇన్సూరెన్స్ కంపెనీలు డబ్బు కట్టలేదు. పైగా మళ్ళీ ఇళ్ళు కట్టుకోకుండా నగరం కొత్త అగ్నిమాపక నిబంధన తెచ్చింది. బి.సి. ఫ్రాంక్లిన్ అనే నల్లజాతి లాయరు టెంట్‌లో ఆఫీసు పెట్టుకుని కేసు నడిపి దాన్ని కొట్టేయించారు. ఆ జనం మళ్ళీ కట్టుకున్నారు! కొన్నేళ్ళలోనే మళ్ళీ కళకళలాడిన ఆ పేటని చివరికి అక్కడ కూడా హైవేయే మింగింది.

వీళ్ళకి ఒకరికొకరు సాయపడటం తెలీదని ఎలా అంటాం?


ఓరుగల్లు_చిన్నోడు (డాలస్)

తుల్సా సంగతి విన్నాను గానీ ఇన్సూరెన్స్ ఎగ్గొట్టింది, బ్యాంకు సంగతి ఇప్పుడే తెలిసింది. బాధగా ఉంది రేవతి గారూ. కానీ నా ప్రశ్న ఇప్పటి గురించి కూడా. ఇవాళ చట్టం అందరికీ ఒకటే. బ్యాంకుకి వెళ్తే అప్పు ఇవ్వరా?


లోన్_డెస్క్ (హ్యూస్టన్)

చిన్న వ్యాపారాల అప్పులే నా ఉద్యోగం. కాబట్టి ఇది నేను చెప్తాను.

కొత్త వ్యాపారానికి బ్యాంకు మొత్తం డబ్బు ఇవ్వదు. చిన్న వ్యాపారాల ప్రభుత్వ సంస్థ ఎస్‌బీఏ హామీ ఉన్న అప్పు తీసుకున్నా, మొదటిసారి పెట్టేవాళ్ళు కనీసం పది శాతం సొంత డబ్బు చూపించాలి. ఇరవై శాతం, ఆపైన వాటా ఉన్న ప్రతి ఒక్కరూ వ్యక్తిగత హామీ సంతకం పెట్టాలి. తాకట్టుకి ఇల్లు అడుగుతారు. ఇక్కడే పేచీ. ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వేలో తెల్లజాతి కుటుంబాల మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబాలది 44,900. ఆరో వంతు కూడా లేదు. 1930ల నుంచి నల్లజాతి పేటల చుట్టూ ఎర్రగీత గీసి ఇంటి అప్పులు ఇవ్వకపోవడంతో, తాతల ఇల్లు మనవడికి తాకట్టుగా పనికొచ్చే అవకాశమే చాలామందికి లేకుండా పోయింది. చట్టం ఒకటే కావచ్చు. ఫారంలో తాకట్టు గడి దగ్గర మాత్రం ఇద్దరూ ఒకటే కాదు.

కరోనాలో కళ్ళారా చూశాను. 2020 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య నడుస్తున్న నల్లజాతి వ్యాపారుల సంఖ్య 41 శాతం పడిపోయింది. జీతాల కోసం ప్రభుత్వం ఇచ్చిన అప్పుల్ని బ్యాంకులు ముందుగా తమ దగ్గర ఇదివరకే అప్పున్న ఖాతాదారులకి ఇచ్చాయి. ఒంటరిగా నడుపుకునేవాళ్ళు వరసలో వెనకబడ్డారు. నల్లజాతి వ్యాపారాల్లో నూటికి తొంభైకి పైగా అలాంటివే, యజమాని తప్ప ఇంకో ఉద్యోగి ఉండడు.

మనవాళ్ళు మొదటి స్టోర్ కొనేటప్పుడు ఏం చేస్తారో మీకు తెలుసు. ఊళ్ళో రెండెకరాలు అమ్ముతారు, బావమరిది కొంత సర్దుతాడు, చీటీ పాడతారు. పశ్చిమ ఆఫ్రికా, కరీబియన్ నుంచి వచ్చిన వాళ్ళలో కూడా సుసు అని మన చీటీలాంటిదే ఉంది. కానీ చీటీ ఎంత పెద్దదవుతుందన్నది అందులో వేసేవాళ్ళ జీతాన్ని బట్టే ఉంటుంది. అమ్మడానికి భూమి ఉండటం ఎంత పెద్ద అండో, అది ఉన్నవాళ్ళకి తట్టదు.


మాధవి_షికాగో

అప్పు గురించి అన్నారు కాబట్టి ఒక నిజమైన సంగతి. జార్జ్ జాన్సన్ అనే ఆయన 1954లో షికాగోలో జుట్టు ఉత్పత్తుల కంపెనీ పెట్టాలనుకున్నారు. ఫైనాన్స్ కంపెనీలో 250 డాలర్లు అప్పు అడిగితే వ్యాపారానికని ఇవ్వలేదు. అదే కంపెనీ ఇంకో బ్రాంచికి వెళ్ళి భార్యతో కాలిఫోర్నియా విహారయాత్రకని అడిగితే ఇచ్చేశారు! ఇది ఆయనే చెప్పుకున్నారు. ఆ 250 డాలర్లతో మొదలైన జాన్సన్ ప్రొడక్ట్స్ 1971లో అమెరికన్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో నమోదైంది. నల్లజాతి యజమానుల కంపెనీల్లో అదే మొదటిది.

తర్వాత జరిగింది కూడా తెలియాలి. జుట్టు సాఫీ చేసే క్రీముల్లో కాస్టిక్ సోడా ఉంటుందని డబ్బా మీద హెచ్చరిక వెయ్యాలని 1970ల మధ్యలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జాన్సన్ చేత ఒప్పించింది. హెచ్చరిక ఉండటం న్యాయమే. కానీ అలాంటి సరుకే అమ్ముతున్న రెవ్లాన్‌కి అదే షరతు పెట్టడానికి చాలా ఆలస్యం చేసింది. ఈలోగా షెల్ఫ్‌లో ఒక డబ్బా మీద హెచ్చరిక, పక్క డబ్బా మీద లేదు. కొనేవాళ్ళు ఏది తీసుకుంటారు? పెద్ద కంపెనీలు ఆ మార్కెట్లోకి చొరబడ్డాయి. 1993లో జాన్సన్ ప్రొడక్ట్స్ ఒక మందుల కంపెనీ చేతికి వెళ్ళింది.


కొల్లేరు (చెన్నై)

జుట్టు మాట వచ్చింది కాబట్టి నేను మాట్లాడాలి. మా కుటుంబం ఈ ఎగుమతి వ్యాపారంలోనే ఉంది.

తిరుమల కల్యాణకట్టలో మనం సమర్పించే తలనీలాలని టీటీడీ పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలం వేస్తుంది. దేవస్థానానికి ఏటా కోట్లలో ఆదాయం. గుండు గీసిన జుట్టు కాబట్టి కుదుళ్ళన్నీ ఒకవైపే ఉంటాయి, చిక్కు పడదు. దాన్ని రెమీ అంటారు, ధర ఎక్కువ. కొన్నవాళ్ళు చిక్కు తీసి, కడిగి, దువ్వి, పొడవు ప్రకారం కట్టలు కట్టి, కుట్టి సవరాలుగా చేసి పంపుతారు. ఇందులో చెప్పుకోదగ్గ భాగం చివరికి అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ళ తలమీదికి చేరుతుంది. మన ఆంధ్ర పల్లెల నుంచి వెళ్ళిన అక్కచెల్లెళ్ళ మొక్కు అది.

మధ్యలో ఎవరున్నారు? 1960ల మధ్యలో దక్షిణ కొరియా ముడి జుట్టు ఎగుమతి ఆపేసి విగ్గుల తయారీని ప్రోత్సహించింది. అదే సమయంలో చైనా జుట్టుతో చేసిన విగ్గుల్ని అమెరికా నిషేధించింది. అలా విగ్గుల దిగుమతి, టోకు, చిల్లర దుకాణాలు కొరియా నుంచి వచ్చిన కుటుంబాల చేతిలోకి వెళ్ళాయి. వాళ్ళూ కష్టజీవులే, వాళ్ళని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ సరుకు వాడేది ఒకరు, షాపు, టోకు రెండూ ఇంకొకరివి. నల్లజాతి మహిళ ఎవరైనా బ్యూటీ సప్లై షాపు పెడితే టోకు వ్యాపారులు ఖాతా తెరవరని, పేరున్న బ్రాండ్లు ఇవ్వరని చాలా ఏళ్ళుగా వాళ్ళు మొత్తుకుంటున్నారు.

ఇప్పుడు కొందరు నేరుగా చెన్నై వస్తున్నారు. సెలూన్ నడిపేవాళ్ళు, ఆన్‌లైన్లో అమ్మేవాళ్ళు. వాళ్ళకి ఇక్కడ ఎదురయ్యేవి మూడు. పెద్ద ఆర్డరైతేనే ఇస్తామంటారు. ముందే పూర్తి డబ్బు కట్టమంటారు. అన్నిటికన్నా అన్యాయం మూడోది. దువ్వెనల్లో రాలిన చిక్కు జుట్టుని యాసిడ్‌తో కడిగి, గుడి జుట్టు అని చెప్పి అంటగట్టేవాళ్ళు ఉన్నారు. నాలుగు తలస్నానాలకే అది అట్టకడుతుంది. అక్కడ ఆమె పేరు పోతుంది, ఆమె ఖాతాదారులు పోతారు. ఇక్కడ అమ్మినవాడికి ఏమీ కాదు.

నల్లజాతి వ్యాపారాలకి సాయం అని అమెరికాలో ఉన్నవాళ్ళు ఆలోచిస్తున్నారు, సంతోషం. ఈ ఒక్క వ్యాపారంలో మాత్రం సాయం ఇక్కడినుంచే మొదలవ్వాలి. చిన్న ఆర్డరు తీసుకోవడం, రకం నిజం చెప్పడం, రెండోసారి కొనేవాళ్ళకి నెలా రెండునెలల గడువు ఇవ్వడం. మేం గడువు ఇవ్వడం మొదలుపెట్టాం, బాకీ ఎగ్గొట్టినవాళ్ళు నాకు తగల్లేదు.


పాలపిట్ట (అట్లాంటా)

కొల్లేరు గారూ, తిరుమల జుట్టు ఎగుమతి అవుతుందని తెలుసు గానీ ఈ గొలుసంతా ఇలా ఉంటుందని ఎప్పుడూ ఆలోచించలేదు. చాలా థాంక్స్. మా ఆఫీసులో ఒకావిడ సవరాల వ్యాపారం పక్కన చేసుకుంటోంది, ఆవిడకి ఇదంతా చెప్తాను.


శ్రీహరి_మెంఫిస్

నాది గ్యాస్ స్టేషన్, కన్వీనియన్స్ స్టోర్. పేటంతా నల్లజాతి కుటుంబాలే. ఇలాంటి చర్చ జరిగినప్పుడు మనలాంటి స్టోర్ల గురించి కూడా మాట్లాడాలి. పగలంతా వాళ్ళ డబ్బు మన గల్లాలో పడుతుంది, రాత్రికి మనం శివార్లలోని ఇంటికి వచ్చేస్తాం. అక్కడ పిల్లలకి మనమెవరో తెలుసు, మనకి వాళ్ళ పేర్లు తెలియవు. మన పార్టీల్లో వాళ్ళ గురించి మాట్లాడే మాటలు వింటే నాకు సిగ్గేస్తుంది. అది మారకుండా మిగతావి మాట్లాడి లాభం లేదని నా నమ్మకం.

చేయగలిగింది ఉంది. మా పేటలో ఒక పెద్దాయన బార్బెక్యూ సాస్ చేసి చర్చి దగ్గర అమ్మేవాడు. నా షెల్ఫ్‌లో పెడతానన్నాను. పెట్టడం సులువే అనుకున్నాం. బార్‌కోడ్ కావాలి, లైసెన్సున్న వంటగదిలో చేసి ఉండాలి, లేబుల్ మీద పోషక వివరాలు ఉండాలి, ఎవరికైనా ఒంటికి పడకపోతే నష్టపరిహారానికి ఇన్సూరెన్స్ కావాలి. ఇవన్నీ ఆయనకి ఎవరూ చెప్పలేదు. కాగితాల పని నేను చూశాను, వంటగది వాళ్ళ చర్చి ఇచ్చింది. ఇప్పుడు నాలాంటి ఇంకొందరి స్టోర్లలో కూడా ఆ సాస్ ఉంది. సరుకు అమ్మినప్పుడే డబ్బు ఇస్తామనే పద్ధతి పెట్టొద్దని మాత్రం మనవాళ్ళకి గట్టిగా చెప్పాను. చిన్నవాళ్ళ దగ్గర నగదు ఇచ్చి కొనాలి.

ఇంకోటి. నల్లజాతి పేటలోకి వచ్చిన డాలరు ఆరు గంటల్లోనే బయటివాళ్ళ చేతికి పోతుందని వాట్సాప్‌లో వచ్చే లెక్క దయచేసి ఎవరూ ఇక్కడ పెట్టకండి. దానికి ఆధారమైన అధ్యయనం ఎవరూ చూపించలేదు. పేదరికాన్ని వాళ్ళ ఖర్చుల తప్పుగా చూపించడానికే అది పనికొస్తోంది.


రేవతి_డర్హమ్

శ్రీహరి గారి ఆఖరి మాటకి నా పూర్తి మద్దతు. కొనేవాళ్ళ అలవాట్లతో తీరే సమస్య కాదిది. పెద్ద మార్పు వచ్చిన చోట కాంట్రాక్టులు మారాయి.

పాలపిట్ట గారి ఊరే ఉదాహరణ. 1973లో మేనార్డ్ జాక్సన్ అట్లాంటా మేయరుగా గెలిచేనాటికి నగర కాంట్రాక్టుల్లో నల్లజాతి సంస్థల వాటా ఒక శాతం కూడా లేదు. అప్పుడే కొత్త విమానాశ్రయం కట్టాలి. పనుల్లో పాతిక శాతం మైనారిటీ సంస్థలకి వెళ్ళాల్సిందే, పెద్ద కంపెనీలు వాళ్ళని భాగస్వాములుగా చేర్చుకోవాల్సిందే అన్నాడు. లేకపోతే రన్‌వే మీద కలుపుమొక్కలు మొలిచినా సరే, పని మొదలవ్వదు అని కూర్చున్నాడు. వ్యాపారవర్గాలు, పత్రికలు మండిపడ్డాయి. ఆలస్యమైంది. ఆఖరికి ఒప్పుకున్నారు, 1980లో టెర్మినల్ తెరుచుకుంది. అట్లాంటా నల్లజాతి మధ్యతరగతికి ఆ పట్టుదల ఎంత బలమిచ్చిందో అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు.

తర్వాత వర్జీనియాలో రిచ్మండ్ నగరం 30 శాతం పెట్టింది. ఆ ఊరి జనాభాలో సగం నల్లజాతి వాళ్ళు, ప్రధాన కాంట్రాక్టుల్లో వాళ్ళ వాటా 0.67 శాతం. అయినా 1989లో క్రోసన్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. అక్కడినుంచి తలుపులు మూసుకుంటూనే ఉన్నాయి. మొన్నటి ఫియర్‌లెస్ ఫండ్ కేసు నాకు చాలా కోపం తెప్పించింది. అట్లాంటాలో నల్లజాతి మహిళలు పెట్టిన ఫండ్ అది. నల్లజాతి మహిళా వ్యాపారులకి 20,000 డాలర్ల గ్రాంటు ఇచ్చేది. ఇది జాతి వివక్ష అని 2023లో కేసు వేశారు. ఏ చట్టం కింద? బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళకి కాంట్రాక్టు చేసుకునే హక్కు ఇవ్వడానికి తెచ్చిన 1866 పౌరహక్కుల చట్టం కింద! 2024 జూన్‌లో అప్పీలు కోర్టు గ్రాంటు ఆపేయమంది. సెప్టెంబరులో రాజీ చేసుకుని ఆ గ్రాంటు మూసేశారు.

ఇక మన సంగతి. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో వెనకబడిన వర్గాలకి ఎస్‌బీఏ నడిపే 8(ఎ) అనే పథకం ఉంది. నల్లజాతి పోరాటాల వల్ల వచ్చినదే. 1982లో భారతీయులు అర్జీ పెట్టుకుని ఆ జాబితాలో చేరారు. తర్వాత ఎన్నో భారతీయ ఐటీ కన్సల్టెన్సీలు, మన తెలుగువాళ్ళవి కూడా, ఆ తలుపులోంచే లోపలికి వెళ్ళాయి. మైనారిటీ సర్టిఫికెట్ గోడమీద పెట్టుకున్న మన కంపెనీల్లో ఎన్ని నల్లజాతి సంస్థలకి ఉపకాంట్రాక్టు ఇచ్చాయి? ఈ చర్చ చదివే యజమానులు ఈ ప్రశ్నకి తమకు తామే జవాబు చెప్పుకోవాలి.


ఓరుగల్లు_చిన్నోడు (డాలస్)

మా కంపెనీకి కూడా ఆ సర్టిఫికెట్ ఉంది. 2023లో టెన్నెసీ కోర్టు తీర్పు తర్వాత, పుట్టిన వర్గాన్ని బట్టి వెనకబాటు ఉందనుకోవడం కుదరదన్నారు. మాకు జరిగిన వివక్షని మేమే వివరంగా రాసివ్వాలన్నారు. ఆ కాగితం రాసేటప్పుడు మా ఓనర్లు ఎంత తడుముకున్నారో నాకు తెలుసు.

నా అభ్యంతరం ఇంకా ఒకటుంది. జాతిని బట్టి కాకుండా ఆస్తిని బట్టి, పేటని బట్టి ఇస్తే కోర్టులూ ఆపలేవు, పేద తెల్లవాళ్ళకీ అందుతుంది కదా?


లోన్_డెస్క్ (హ్యూస్టన్)

చిన్నోడు, ఆ దారి కొంతవరకు ఉంది. 1994 చట్టంతో ప్రభుత్వ గుర్తింపు, నిధులు మొదలైన సమాజాభివృద్ధి ఆర్థిక సంస్థలు, సీడీఎఫ్ఐలు అంటారు, పేటని, ఆదాయాన్ని బట్టి ఇస్తాయి. మామూలు బ్యాంకు తోసేసిన ఫైళ్ళు వాళ్ళు తీసుకుంటారు, లెక్కల పుస్తకాలు రాయడం కూడా నేర్పుతారు. మంచి పని. కానీ ఒక్క జాతినే ఏరి కాల్చిన పేటకి, ఏరి అప్పు ఆపిన పేటకి జరిగిన నష్టం ఆదాయం గడిలో పూర్తిగా కనపడదు. రెండూ కావాలి అంటాను నేను.


నల్లమల (హైదరాబాద్)

నేను దళితుణ్ణి, చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ నడుపుతున్నాను. మీరు రాసినవి చదువుతుంటే మా సంఘం మీటింగుల్లో మాట్లాడుకున్నట్టే ఉంది. ఇది ఊరికే అనటం లేదు, సంబంధం ఉంది. 2002లో భోపాల్‌లో దళిత మేధావులు చేసిన ప్రకటనలో అమెరికాలో నల్లజాతి సంస్థల దగ్గర కొనే విధానాన్ని ఇక్కడా తేవాలని అడిగారు. 2005లో పుణెలో మిలింద్ కాంబ్లే దళిత వ్యాపారుల కోసం దళిత్ ఇండియన్ ఛాంబర్, అదే డిక్కీ, పెట్టారు. 2012 నుంచి కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల నుంచి కొనాలన్న విధానం వచ్చింది. కొనుగోళ్ళు ఆ 4 శాతానికి ఎన్నో ఏళ్ళు చాలా దూరంలోనే ఉండిపోయాయి. తెలంగాణలో 2021లో దళితబంధు కింద కుటుంబానికి పది లక్షలు ఇచ్చారు. చాలామంది కారో ట్రాక్టరో కొన్నారు. ఇచ్చిన తర్వాత ఆర్డర్లు ఎవరిస్తారన్నది ఎవరూ ఆలోచించలేదు.

నా అనుభవం చెప్తాను. ఆర్డరు రావడం సగం యుద్ధమే. ఒక పెద్ద సంస్థ పని పూర్తిచేశాక బిల్లుకి నెలల తరబడి తిప్పింది. స్టీలు వాడికి నేను వెంటనే కట్టాలి, వెల్డర్లకి శనివారం కట్టాలి. ఆ గడువులో చిన్నవాడు మిత్తికి తెచ్చి మునిగిపోతాడు. మీరెవరైనా కంపెనీల్లో కొనుగోళ్ళ విభాగంలో ఉంటే, నల్లజాతి సంస్థకి ఆర్డరు ఇచ్చి ఊరుకోకండి. బిల్లు పదిహేను రోజుల్లో పాసయ్యేలా చూడండి. అది గ్రాంటు కన్నా ఎక్కువ.

ఇంకో సంగతి. నలుగురు కోటీశ్వరులు తయారైతే కులం పోలేదు. అక్కడ కూడా నలుగురు కోటీశ్వరులతో మొత్తం జనానికి స్వాతంత్ర్యం రాదు.


లంక_రైతుబిడ్డ (జాక్సన్, మిసిసిపి)

నల్లమల అన్నా, మీ ఆఖరి మాటకి మా మిసిసిపిలోనే జవాబు వెతికినామె ఉంది. ఫ్యానీ లూ హేమర్. 1962లో ఓటు నమోదుకి వెళ్ళిన పాపానికి పద్దెనిమిదేళ్ళు పనిచేసిన తోటలోంచి యజమాని ఆమెని గెంటేశాడు. తిండి, ఇల్లు ఇంకొకరి చేతిలో ఉంటే ఓటు కూడా మనది కాదని ఆమెకి అక్కడ అర్థమైంది. 1969లో సన్‌ఫ్లవర్ కౌంటీలో 40 ఎకరాలతో ఫ్రీడమ్ ఫార్మ్ సహకార సంఘం పెట్టింది. అందులో పందుల బ్యాంకు ఉండేది. కుటుంబానికి ఒక ఆడపందిని ఇస్తారు, అది ఈనాక కొన్ని పిల్లలని బ్యాంకుకి తిరిగిస్తే వాటిని ఇంకో కుటుంబానికి ఇస్తారు. భూమి వందల ఎకరాలకి పెరిగింది. అప్పు, పన్నుల భారంతో 1970ల మధ్యలో చేజారింది. ఆమె 1977లో చనిపోయింది.

అయితే 1967లో మొదలైన దక్షిణాది సహకార సంఘాల సమాఖ్య ఇప్పటికీ పనిచేస్తోంది. ముఖ్యంగా భూమి కాగితాల మీద. 1920లో దేశంలో దాదాపు 9,25,000 మంది నల్లజాతి రైతులు ఉండేవారు, శతాబ్దం చివరికి ఇరవై వేలు కూడా మిగల్లేదు. కారణాల్లో ఒకటి వీలునామా లేకపోవడం. తాత పేరుమీదే భూమి ఉండిపోతుంది, వారసులు పాతికమంది అవుతారు. బయటివాడు ఒకరి వాటా కొని, కోర్టుకెళ్ళి మొత్తం వేలం వేయిస్తాడు. పైగా పట్టా స్పష్టంగా లేని భూమి మీద వ్యవసాయ శాఖ అప్పు పుట్టేది కాదు. మన దగ్గర పాసుపుస్తకం కోసం తిరిగినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ లాయర్లుగా ఉన్న మన పిల్లలు వీలునామాలు రాయడంలో ఆ సమాఖ్యకి ఉచితంగా సాయపడొచ్చు.


మాధవి_షికాగో

టార్గెట్ గురించి ఎవరూ జవాబివ్వలేదు. బహిష్కరణ వల్ల అదే షెల్ఫ్‌లో ఉన్న నల్లజాతి బ్రాండ్లు దెబ్బతింటాయని అక్కడ తన సరుకు అమ్మే టబితా బ్రౌన్ లాంటివాళ్ళు ముందే అన్నారు. అది నిజమే. నేను చేసేది ఇది: ఆ బ్రాండ్ల సొంత వెబ్‌సైటు నుంచి కొంటున్నాను. మధ్యలో స్టోరు వాటా ఉండదు కాబట్టి వాళ్ళకి మిగిలేది కూడా ఎక్కువ. పెద్ద స్టోరులో చోటు దొరకడమే గెలుపు అనుకోవడం ప్రమాదం. సెఫోరా అనే సౌందర్య సామగ్రి దుకాణాల్లో అమ్ముడైన అమి కోలే అనే మేకప్ కంపెనీ కూడా 2025లో మూతపడింది. వందల షెల్ఫులు నింపడానికి ముందే సరుకు తయారుచెయ్యాలి, దానికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? మళ్ళీ లోన్_డెస్క్ గారి దగ్గరికే వస్తాం.


పాలపిట్ట (అట్లాంటా)

అందరికీ చాలా థాంక్స్. ఒక పని మొదలుపెడదామనుకుంటున్నాను. మా తెలుగు సంఘం దగ్గర ఉగాది, బతుకమ్మ ఖర్చుల కోసం దాచిన నిధి ఉంది, ఊరికే పెద్ద బ్యాంకులో పడి ఉంది. 1921లో మొదలైన సిటిజన్స్ ట్రస్ట్ బ్యాంకు మా అట్లాంటాలోనే ఉంది కదా. కొంత అక్కడ డిపాజిట్ చేద్దామని కమిటీని అడిగాను. రెండు సందేహాలు వచ్చాయి. మనం నల్లజాతి వాళ్ళం కాకపోయినా తెరవచ్చా? డబ్బు భద్రమేనా?


లోన్_డెస్క్ (హ్యూస్టన్)

ఎవరైనా తెరవచ్చు. మిగతా బ్యాంకుల్లాగే ఒక్కో ఖాతాదారుకి 2,50,000 డాలర్ల వరకు ఎఫ్‌డీఐసీ అనే ప్రభుత్వ సంస్థ బీమా ఉంటుంది. సంఘం నిధి అంతకన్నా ఎక్కువైతే రెండు బ్యాంకుల్లో పెట్టండి. మీ ఊళ్ళో లేకపోతే మైనారిటీ బ్యాంకుల జాబితా ఎఫ్‌డీఐసీ సైట్‌లో దొరుకుతుంది. నల్లజాతి బ్యాంకులు ఇప్పుడు దేశమంతా కలిపి ఇరవైకి కాస్త అటూఇటుగా మిగిలాయి.

కమిటీకి ఇంకో మాట చెప్పండి. 2016లో అట్లాంటా ర్యాప్ గాయకుడు కిల్లర్ మైక్ నల్లజాతి బ్యాంకుల్లో డబ్బు వెయ్యమని పిలుపు ఇచ్చినప్పుడు అదే సిటిజన్స్ ట్రస్ట్‌లో కొద్దిరోజుల్లో వేలమంది ఖాతాలు తెరిచారు. మంచిదే. కానీ వంద డాలర్ల ఖాతాలు వేలల్లో ఉంటే వాటిని నడిపే ఖర్చే బ్యాంకుకి ఎక్కువ. ఎప్పుడంటే అప్పుడు తీసేసే డబ్బుతో ఐదేళ్ళ అప్పు ఇవ్వడం కష్టం. 2020లో నెట్‌ఫ్లిక్స్ తన నగదులో రెండు శాతం, తొలి విడతగా 10 కోట్ల డాలర్లు, నల్లజాతి సమాజాలకి అప్పులిచ్చే సంస్థల్లోకి మళ్ళించింది. అలా పెద్ద మొత్తం, ఎక్కువ కాలం ఉండేది వాళ్ళకి పనికొస్తుంది. కాబట్టి మీ సంఘం కరెంట్ ఖాతా తెరవకుండా, రెండు మూడేళ్ళ సర్టిఫికెట్ డిపాజిట్ చెయ్యండి. పండగ ఖర్చుకి కావలసింది విడిగా ఉంచుకోండి. తెరిచేటప్పుడు సంఘం రిజిస్ట్రేషన్ కాగితం, ట్యాక్స్ నంబరు, సంతకాలు పెట్టేవాళ్ళని ఎన్నుకున్న మీటింగు మినిట్స్ అడుగుతారు. మినిట్స్ పాతవైతే ఒప్పుకోరు, ముందే కొత్త తీర్మానం రాయించి పెట్టుకోండి.


పాలపిట్ట (అట్లాంటా)

తీర్మానం నమూనా మీ దగ్గర ఉంటే నాకు మెసేజ్ చెయ్యండి లోన్_డెస్క్ గారూ. వచ్చే కమిటీ మీటింగులో పెడతాను. క్యాటరింగ్, సౌండ్ సిస్టమ్ కొటేషన్లు కూడా ఈసారి నల్లజాతి సంస్థల నుంచి తెప్పిస్తున్నాం. నల్లమల గారు చెప్పినట్టు, పని అయిన రోజే చెక్కు ఇవ్వాలని ఆ తీర్మానంలోనే రాయిస్తాను.